పిల్లల పరిచర్యకు ఏ పద్ధతి మేలు: సండే స్కూలా, వీబీఎస్సా, వాడలో కూటమా?

విశాఖపట్నంలోని చాలా సంఘాల్లో ఏటా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఒక ఆదివారం ఆరాధన ముగిశాక కమిటీ కూర్చుంటుంది. రాబోయే సంవత్సరం పిల్లల కోసం ఏం చేయాలన్న విషయం చర్చకు రాగానే మొదట డబ్బు సంగతి, ఆ తర్వాత పక్క సంఘంవారు కిందటి వేసవిలో ఏం చేశారన్న సంగతి మాట్లాడుకుని, ఆ రెండింటి మధ్య ఏదో ఒకటి తీర్మానించుకుని లేస్తారు. గాజువాక వైపు ఒక సంఘంలో 14 ఏళ్లుగా సండే స్కూల్ టీచరుగా, అందులో చివరి ఆరేళ్లు సూపరింటెండెంటుగా ఉన్న నేను కూడా అలాగే తీర్మానించి లేచిన రోజులున్నాయి. ఆ రెండింటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉందని ఆలస్యంగా తెలుసుకున్నాను. మనం ఎంచుకోబోయే పద్ధతిలో, బడులు తెరిచే జూన్ నుంచి పరీక్షలు ముగిసే ఏప్రిల్ వరకు, అవే మనుషులు అదే పిల్లల ముందు నిలబడగలరా? పిల్లలకు పాఠంకంటే ముందు పాఠం చెప్పే మనిషి అలవాటు కావాలి. మనిషి మారిన ప్రతిసారీ ఆ అలవాటును మళ్లీ మొదటి నుంచి పెంచుకోవలసి వస్తుంది. అందుకే ఆదివారం నడిచే సండే స్కూలు, వేసవి సెలవుల్లో కొద్దిరోజులు నడిచే బైబిలు పాఠశాల (వీబీఎస్), వాడలో ఒక ఇంటి దగ్గర జరిగే పిల్లల కూటమి అనే మూడు పద్ధతులనూ ఆ ఒక్క ప్రశ్న దగ్గర నిలబెట్టి పోల్చుతున్నాను.

ముప్ఫై నుంచి యాభై మంది పిల్లలు, ఆరేడుగురు టీచర్లు, ఒకే హాలు ఉన్న సంఘాలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. కథోలిక విచారణల్లో (పారిష్‌లలో) సత్యోపదేశ తరగతులు దివ్యసత్ప్రసాద స్వీకరణకు సిద్ధం చేసే క్రమంతో ముడిపడి నడుస్తాయి కాబట్టి, జ్ఞానాపురం వంటి చోట్ల ఉన్నవారికి ఇందులో కొంత భాగమే పనికివస్తుంది.

పోలికకు ముందే తేల్చుకోవలసిన విషయం పిల్లల భద్రత. ఏ తరగతిలోనైనా ఇద్దరు పెద్దలను ఉంచలేకపోతే, ఆ పద్ధతి ఎంత ఆకర్షణీయంగా ఉన్నా వదులుకోవాలి. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారందరూ పిల్లలే. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు తెలియజేయడం ఆ చట్టంలోని 19వ సెక్షను ప్రకారం తప్పనిసరి, తెలిసీ చెప్పకపోవడం 21వ సెక్షను కింద శిక్షార్హం. సంఘం పరువు పేరు చెప్పి పెద్దల మధ్య సర్దుబాటు చేసుకోవడానికి అక్కడ చోటు లేదు. తరగతి జరిగే గది తలుపు తెరిచే ఉండాలి, చిన్నపిల్లలను మరుగుదొడ్డికి తీసుకువెళ్లే బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించాలి, చైల్డ్ హెల్ప్‌లైన్ నంబరు 1098 పిల్లలకు కనబడే ఎత్తులో గోడమీద ఉండాలి. కొత్తగా వచ్చిన యువకుడు ఎంత ఉత్సాహవంతుడైనా, సంఘంలో కొంతకాలం గడిపి అందరికీ తెలిసినవాడయ్యాకే పిల్లల దగ్గరికి పంపాలి.

సండే స్కూల్: ఏ వేళకు?

సండే స్కూల్ పనికి వెళ్లే పిల్లల కోసమే పుట్టినది. 1780లో ఇంగ్లాండులోని గ్లాస్టర్ పట్టణంలో రాబర్ట్ రెయిక్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు, వారమంతా పనిలో ఉండే పిల్లలకు ఆదివారం ఒక్కటే ఖాళీ దొరికేది కాబట్టి ఆ రోజున చదువూ, వాక్యమూ కలిపి చెప్పారు. పిల్లలకు ఎప్పుడు తీరిక ఉంటుందో చూసి తరగతి వేళను నిర్ణయించాలన్న ఆ తొలి ఆలోచనను మనం తరచూ మరచిపోయి, హాలు ఎప్పుడు ఖాళీగా ఉంటే అప్పుడు తరగతి పెట్టేస్తున్నాం.

ఆరాధనకు ముందు, ఉదయం ఎనిమిదిన్నరకు తరగతి పెట్టే పద్ధతి పాత సంఘాల్లో ఇప్పటికీ ఉంది. దానిలోని మంచి ఏమిటంటే టీచర్లు ఆ తర్వాత నిశ్చింతగా ఆరాధనలో కూర్చోగలరు. అయితే స్టీల్‌ప్లాంటు కుటుంబాలు ఎక్కువగా ఉండే కూర్మన్నపాలెం, గాజువాక ప్రాంతాల్లో తండ్రి రాత్రి షిఫ్టు దిగి అప్పుడే ఇంటికి వచ్చి ఉంటాడు, లేదా తెల్లవారుజామునే డ్యూటీకి వెళ్లిపోయి ఉంటాడు. బండిమీద దింపే మనిషి లేక తల్లి ఇద్దరు పిల్లలకు తలలు దువ్వి, వంట ముగించి, ఆటో పట్టుకుని వచ్చేసరికి తరగతి సగం అయిపోతుంది. మా రిజిస్టరులో ఆలస్యంగా వచ్చినవారిని నేను మూడు నెలలపాటు విడిగా గుర్తించి చూస్తే, వారిలో ఎక్కువమంది షిఫ్టు ఉద్యోగుల పిల్లలేనని తేలింది. వారు రాలేకపోవడానికి శ్రద్ధ లేకపోవడం కారణం కాదు. ఆరాధన ముగిశాక తరగతి పెట్టడం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు: ఒంటిగంట ఆకలికి, ఉక్కపోతకు ఏ పాఠమూ నిలవదు.

ఆరాధన జరుగుతుండగానే తరగతి నడిపితే హాజరు దాదాపు పూర్తిగా ఉంటుంది, ఎందుకంటే పిల్లలు తల్లిదండ్రులతోనే వస్తారు. దీనికి చెల్లించే వెల టీచర్లది. ఒక సంవత్సరం మా దగ్గర చక్కగా బోధించే ఒక సోదరి మార్చిలో తన తరగతిని వదులుకుంటానన్నారు. కారణం అడిగితే, పదకొండు నెలలుగా తాను ఒక్క ప్రసంగమైనా కూర్చుని వినలేదనీ, రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభుబల్లకు కూడా ఎవరో వచ్చి పిలిస్తే పరుగెత్తుకుని వెళ్లి వస్తున్నాననీ చెప్పి కళ్లు తుడుచుకున్నారు. పిల్లలకు పెట్టేవారికి ముందు తినడానికి వ్యవధి ఉండాలన్న సంగతి ఆ రోజు వరకు మా కమిటీలో ఎవరికీ తట్టలేదు.

ఆ తర్వాత మేము చేసుకున్న ఏర్పాటునే ఇతర సంఘాలకూ సిఫారసు చేస్తాను. పిల్లలు పాటల సమయంలోనూ, ప్రార్థనలోనూ పెద్దలతోనే ఉంటారు. ప్రసంగం మొదలయ్యేటప్పుడు లేచి తరగతికి వెళ్తారు. ప్రతి తరగతికి ఇద్దరు టీచర్లు, ఒక సహాయకుడు సంవత్సరమంతా స్థిరంగా ఉంటారు. ఒక వారం ఒక టీచరు, సహాయకుడు తరగతిలో ఉంటే రెండో టీచరు ప్రసంగం వింటారు, మరుసటి వారం ఆ టీచర్లిద్దరూ స్థానాలు మార్చుకుంటారు. ప్రభుబల్ల ఆరాధన ఉన్న ఆదివారం తరగతే ఉండదు, పిల్లలు కుటుంబాలతో కూర్చుంటారు. ఈ లెక్కకు సహాయకుల విషయంలో కాలేజీ చదివే యువతీయువకులు బాగా పనికివస్తారు, కానీ వారు 18 ఏళ్లు నిండినవారై ఉండాలి.

ఆరేడుగురు టీచర్లతో మూడు తరగతులకు మించి నడపడం సాధ్యం కాదు. విభజన వయసునుబట్టి కాక చదవడాన్నిబట్టి చేస్తే మేలు: ఇంకా చదవడం రానివారు ఒక తరగతి, కూడబలుక్కుని చదివేవారు రెండోది, ధారాళంగా చదివేవారు మూడోది. రెండు తరగతులే వీలైతే చదవడం రానివారిని, వచ్చినవారిని విడదీయాలి. చదవడం రాని పిల్లవాడి చేతికి పుస్తకం ఇచ్చి పెద్దవారి మధ్య కూర్చోబెడితే, నెల తిరగకముందే అతడు తల్లి కొంగు పట్టుకుని తరగతికి రానంటాడు.

వీబీఎస్: ఎన్ని రోజులు, ఎవరితో?

సెలవుల బైబిలు పాఠశాల కూడా ఇలాంటి అవసరం నుంచే వచ్చింది. 1901లో న్యూయార్క్ నగరంలో రాబర్ట్ బోవిల్ అనే బాప్తిస్టు బోధకుడు, వేసవి సెలవుల్లో వీధుల్లో తిరిగే పిల్లల కోసం ఇలాంటి పాఠశాలలను ఒక ఉద్యమంగా నడిపించారు. మన దగ్గర వీబీఎస్ అన్న మూడు అక్షరాలు తెలియని క్రైస్తవ కుటుంబం ఉండదు. సంఘం గడప తొక్కని ఇళ్లనుంచి కూడా పిల్లలు వస్తారు, సండే స్కూలుకు దొరకని యువకులు ఆ పది రోజులకు దొరుకుతారు, అభినయ గీతాలూ, రంగు కాగితాలూ, చివరి రోజు కార్యక్రమమూ పిల్లలకు సంవత్సరమంతా గుర్తుంటాయి. ఈ బలాలను నేను తక్కువ చేయడం లేదు.

అయినా, వీబీఎస్‌ను సండే స్కూలుకు బదులుగా ఎంచుకోవద్దని గట్టిగా చెబుతాను. కొన్నేళ్ల కిందట మా సంఘం బయటినుంచి ఒక బృందాన్ని పిలిపించి పది రోజుల వీబీఎస్ నడిపింది. 110 మంది పిల్లలు వచ్చారు, శుక్రవారం సాయంత్రం సర్టిఫికెట్లు పంచి, ఫోటోలు దిగి, బృందాన్ని రైలెక్కించాం. మర్నాడు ఉదయం ఎనిమిదింటికి షామియానావాళ్లకు కుర్చీలు లెక్కపెట్టి అప్పగించడానికి నేను వెళ్లేసరికి, వేసిన గేటు ముందు ఎనిమిదేళ్ల అబ్బాయి ఒకడు వీబీఎస్‌లో ఇచ్చిన పుస్తకం, నాలుగు రంగు పెన్సిళ్లు పట్టుకుని నిలబడి ఉన్నాడు. పెన్సిళ్లు అన్నీ చెక్కుకుని వచ్చాడు. సంఘానికి రెండు వీధుల అవతల ఉండే ఇల్లు, వాళ్ల ఇంట్లో ఎవరూ చర్చికి రారు. అయిపోయిందని ఎవరూ అతనికి అర్థమయ్యేలా చెప్పలేదు. అతనికి పాఠాలు చెప్పిన అన్నయ్య అప్పటికి మరో ఊళ్లో ఉన్నాడు, తర్వాత ఏం చేయాలో మా దగ్గర ఎవరికీ ఆలోచన లేదు.

అప్పటినుంచి మా లెక్క మారింది. పది రోజులు బయటివారితో నడపడంకన్నా ఐదారు రోజులు సండే స్కూల్ టీచర్లతోనే నడపడం మంచిది, కార్యక్రమం కాస్త సాదాగా ఉన్నా సరే. సోమవారం మొదలుపెట్టి శనివారం ముగిస్తే, ముగింపు రోజున ప్రతి పిల్లవాడితోనూ ‘రేపు ఇదే చోట, ఇదే అక్క దగ్గర’ అని చెప్పగలుగుతాం. బయటి బృందాన్ని పిలవక తప్పకపోతే, వారి ప్రతి తరగతిలోనూ మన టీచరు ఒకరు మొదటి రోజు నుంచే కూర్చోవాలి.

తేదీల ఎంపికలో విశాఖకు ప్రత్యేకమైన సంగతులున్నాయి. ఏప్రిల్ చివరి వారంలో బడులకు సెలవులివ్వగానే కొన్నాళ్లు పిల్లలు ఇళ్లలోనే ఉంటారు, మే నెల నడిమికి వచ్చేసరికి సగంమంది శ్రీకాకుళం, విజయనగరం వైపు అమ్మమ్మగారి ఊళ్లకు వెళ్లిపోతారు. కాబట్టి సెలవుల మొదటి వారమే మంచిది. ఎండ ముదరకముందే ముగిసేలా ఎనిమిది నుంచి పదిన్నర వరకు నడపాలి, తాగునీటికి మరొకరి మీద ఆధారపడకూడదు. జాలారిపేట వంటి మత్స్యకార వాడల్లో లెక్క వేరుగా ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవలతో సముద్రంలో చేపల వేట నిషేధం, తండ్రులు ఒడ్డునే ఉంటారు, ఇంట్లో చేతిలో డబ్బు ఆడదు. పిల్లలు నిండుగా వచ్చే కాలమూ అదే, ఒక్కొక్కరికి యాభై రూపాయలు రుసుము అన్నా, అందరూ ఒకే రంగు టీషర్టు కొనుక్కోవాలన్నా తల్లులు ఇబ్బంది పడి పిల్లలను మానిపించే కాలమూ అదే. అక్కడ రుసుము, టీషర్టు రెండూ వదిలేయాలి.

వేరే మతాల కుటుంబాల నుంచి వచ్చే పిల్లల విషయంలో ఒక మాట. మేము బైబిలు కథలు చెబుతాము, పాటలు పాడిస్తాము, ప్రార్థన చేస్తాము అని తల్లిదండ్రులకు ముందే స్పష్టంగా చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. బిస్కట్లు, బహుమతులు చూపి పిలవడం ఆ కుటుంబాలకూ మర్యాద కాదు, సువార్తకూ మర్యాద కాదు.

వాడలో వారాంతపు కూటమి

మూడో పద్ధతికి హాలు అక్కరలేదు, ఖర్చు దాదాపు లేదు. సంఘంలోని ఒక కుటుంబం వసారాలోనో, మేడమీదనో వారానికి ఒక గంట చుట్టుపక్కల పిల్లలను కూర్చోబెట్టుకుని పాట, కథ, కంఠత వాక్యం, ఆట. 1868లో వేల్స్ దేశంలోని లాండుడ్నో తీరంలో జొసయా స్పైయర్స్ ‘దేవుడు ప్రేమాస్వరూపి’ అనే మాటను ఇసుకమీద పెద్ద అక్షరాలతో గీసి, పిల్లలచేత గులకరాళ్లతో, గవ్వలతో దాన్ని అలంకరింపజేసి కథ చెప్పిన సంగతి పిల్లల పరిచర్యలో ఉన్నవారు తరచూ తలచుకుంటారు. సముద్రం పక్కనే ఉన్న మనకు ఆ ఆలోచన వెంటనే వస్తుంది. అయితే ఆర్కే బీచ్‌లో అలలు మనుషులను లాగేసే చోట్లు ఉన్నాయి, సెలవు రోజుల్లో జనం కిక్కిరిసి ఉంటారు. 20 మంది పిల్లలను అక్కడికి తీసుకువెళ్లడానికి నేను ఒప్పుకోను. ఆ ఇసుకనే ఒక పెద్ద పళ్లెంలో పోసి వసారాలోకి తెస్తే చాలు.

ఈ పద్ధతి నేను మొదట పెట్టిన ప్రశ్నకు అన్నిటికన్నా బాగా నిలుస్తుంది, ఎందుకంటే ఇక్కడ టీచరు ఆ వీధి మనిషే. పిల్లవాడికి జ్వరం వస్తే మరుసటి పూటకే తెలుస్తుంది. తల్లులు ఇళ్లల్లో పనికి వెళ్లే కొండవాలు కాలనీల్లో, ఆరిలోవ వైపు వాడల్లో, మత్స్యకార పేటల్లో దీన్నే మొదటి ఎంపికగా చెబుతాను. మధురవాడ అపార్టుమెంట్లలో మాత్రం ఇది నిలవడం కష్టం. పిల్లలు బడి బస్సు దిగేసరికే సాయంత్రం ఐదవుతుంది, ఆ వెంటనే ట్యూషను. శనివారం సాయంత్రమైనా వారి తీరిక ఒకరిది ఒకరికి కలవదు. ఎక్కడైనా చీకటి పడకముందే ఆడపిల్లలు ఇల్లు చేరేలా ముగించాలి. బలహీనత కూడా ఒకటి చెప్పాలి: ఆ ఇంటి కుటుంబం ఇల్లు మారితే కూటమి ఆగిపోతుంది. పక్క ఇంటి మరో తల్లిని మొదటి నెల నుంచే తోడు పెట్టుకుంటే ఇద్దరు పెద్దలు ఉండాలన్న నియమమూ నెరవేరుతుంది, కూటమీ నిలుస్తుంది.

పాఠం ఏ తెలుగులో?

పద్ధతి ఏదైనా ఈ ప్రశ్న వస్తుంది, దీనిమీద మా టీచర్ల మధ్య వాదనలు జరిగాయి కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మన పిల్లల్లో ఎక్కువమంది ఇంగ్లీషు మీడియం, ఇంట్లో తెలుగు మాట్లాడతారు, తెలుగు చదవమంటే తడబడతారు. కాబట్టి ఇంగ్లీషు పాఠ్యపుస్తకాలు కొందామని కొందరంటారు. అచ్చయిన పుస్తకాల సెట్టులో బొమ్మలు, టీచరు పుస్తకం, సంవత్సరానికి సరిపడా క్రమం ఉంటాయి, కొత్త టీచరుకు అవి చేతికర్ర వంటివి, వాటిని నేను వద్దనను. కానీ వాటిలో ఇంగ్లీషువీ, తెలుగువీ రెండూ దొరికినప్పుడు తెలుగువే తీసుకోమంటాను. పిల్లవాడు ఇంట్లో నానమ్మతో కలిసి ప్రార్థించేది తెలుగులోనే.

కంఠత వాక్యం పాత అనువాదంలో నేర్పాలా, వాడుక భాషలో నేర్పాలా అన్నది మరో వాదన. ఒకసారి 23వ కీర్తన మొదటి వచనం, ‘యెహోవా నా కాపరి నాకు లేమి కలుగదు’ అన్నది, తరగతి మొత్తం గడగడా అప్పజెప్పింది. చివర్న ఒక పాప చెయ్యెత్తి, ‘అక్కా, లేమి అంటే ఏటి? జొరమా?’ అని అడిగింది. అప్పటిదాకా అప్పజెప్పిన మిగతా పిల్లల్లో కూడా ఎవరికీ తెలియదు. ఆ పాపకు బదులుగా అన్నం గిన్నె గురించి, బడి ఫీజు గురించి, అమ్మ దగ్గర లేవన్న వస్తువుల గురించి పావుగంట మాట్లాడుకున్నాం. ఆ రోజు నుంచి నా అభిప్రాయం ఇది: వాక్యం పాత అనువాదంలోనే నేర్పాలి, ఎందుకంటే బోధకుడి నోటా, అవ్వల నోటా పిల్లలు వినేది అదే; కథ, వివరణ మాత్రం పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగులో ఉండాలి; తెలియని మాట ఉన్న వాక్యాన్ని అప్పజెప్పించుకోకూడదని కాదు, ఆ మాటను వివరించకుండా ముందుకు పోకూడదు.

ఈ విషయంలో విశాఖవారికి ఒక బాధ్యత కూడా ఉందని నా నమ్మకం. 1805లో ఈ పట్నానికి వచ్చిన లండన్ మిషనరీలు జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తలను తెలుగులోకి తేవడం మొదలుపెట్టారు. డెస్ గ్రాంజెస్ అనువదించిన మూడు సువార్తలు ఆయన చనిపోయాక 1812లో సెరాంపూరులో అచ్చయ్యాయి. ఆ పని జరిగిన ఊళ్లో పెరిగే పిల్లలు తెలుగు బైబిలు చదవలేకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మా విభజనలో రెండో తరగతి, అంటే కూడబలుక్కుని చదివే పిల్లలచేత వారానికి ఒక్క వచనం చార్టుమీద వేలు పెట్టి చదివించడానికి ఐదు నిమిషాలు చాలు.

బొమ్మల విషయం క్లుప్తంగా. ప్రొజెక్టరు ముందు పిల్లలు నిశ్శబ్దంగా ఉంటారు, కానీ మాట్లాడరు. ఫ్లాష్ కార్డులు చేతిలో ఉంటే టీచరు పిల్లల ముఖాలు చూడగలరు, కరెంటు పోయినా కథ ఆగదు. గుడ్డ పరిచి దానిమీద బొమ్మలు అంటించే ఫ్లానెల్ బోర్డు ఇప్పటికీ మంచిదే, ఫ్యాను గాలికి బొమ్మలు రాలిపోతాయి కాబట్టి బోర్డును ఫ్యాను కిందనుంచి గోడవైపు జరిపి, కాస్త వెనక్కి వాల్చి పెట్టుకోవాలి.

ఎవరికి ఏది

షిఫ్టు ఉద్యోగులు ఎక్కువగా ఉన్న సంఘమైతే ప్రసంగ సమయంలో నడిచే సండే స్కూలును ఎంచుకుని, దానికి తోడు ఏప్రిల్ చివర్లో ఆరు రోజుల వీబీఎస్ పెట్టుకోవచ్చు. టీచర్లు ఇద్దరే ఉన్న చిన్న సంఘం, పేటలోనో కొండవాలు కాలనీలోనో ఉంటే, సండే స్కూలు పెట్టలేకపోతున్నామని బాధపడకుండా వసారా కూటమితో మొదలుపెట్టాలి, వీబీఎస్ మొదటి రెండేళ్లు అక్కరలేదు. మధురవాడ వంటి చోట కొత్తగా వచ్చి చేరిన కుటుంబాల సంఘమైతే ఆదివారం తరగతి ఒక్కటే చేపట్టి, దాన్నే బాగా చేయాలి. మూడూ ఒకే సంవత్సరంలో మొదలుపెట్టిన సంఘాలు కొన్నిటిని చూశాను. డిసెంబరులో క్రిస్మస్ నాటిక అభ్యాసాలు వచ్చేసరికి అవే నలుగురు టీచర్లు మూడు చోట్లా కనబడవలసి వచ్చి, సంక్రాంతి తర్వాత ఒక్కటీ మిగలలేదు.

ఏది ఎంచుకున్నా మార్చిలోనే టీచర్లను ఒక్కొక్కరినీ విడిగా అడిగి, మరుసటి ఏడాది ఏప్రిల్ వరకు ఉండగలమని వారే చెప్పిన తర్వాత పేర్లు రాసుకోవాలి. వేదికమీదనుంచి ‘ఎవరు ముందుకు వస్తారు’ అని అడిగితే మొహమాటానికి చేతులెత్తినవారు ఆగస్టులో మానేస్తారు. రిజిస్టరులో హాజరు గడి పక్కన మరో గడి గీసుకుని, రాని పిల్లవాడు ఎందుకు రాలేదో అందులో రాయాలి. రెండు ఆదివారాలు వరసగా ఖాళీగా ఉన్న పేరు కనబడితే మూడో ఆదివారం లోపల ఆ తరగతి టీచరు మరొకరిని తోడు తీసుకుని ఆ ఇంటికి వెళ్లి రావాలి. గేటు ముందు నిలబడిన ఆ అబ్బాయి ఇంటికి మేము అలా వెళ్లింది మూడు వారాల తర్వాత. అప్పటికి వాళ్లు ఇల్లు ఖాళీ చేసి వెళ్లిపోయారు.